ఈల మింగేసిన మాట

మా ఆయన గురించి ఊళ్ళో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు. కొందరికి ఆయన వీరుడు. కొందరికి పిల్లల్ని రెచ్చగొట్టి తమాషా చూసిన పెద్దమనిషి. ఏది విన్నా నాకు నవ్వూ కోపమూ కలిసే వస్తాయి. వీరుడట! కొత్త చెప్పులు కరుస్తున్నాయి, వెళ్ళి మార్చుకు రండి అంటే, దుకాణంవాడు ఏమనుకుంటాడోనని మడమకు పట్టీ అంటించుకొని అవే చెప్పులతో ఏడాదంతా తిరిగిన మనిషి ఆయన. బస్సులో తన కాలు తొక్కినవాడికి తానే సారీ చెప్పే రకం. ఇక రెచ్చగొట్టడమంటారా, మా ఇంటి పిల్లిని సోఫా మీంచి దింపడం కూడా ఆయన వల్ల కాదు. అందుకని ఎవరో చెప్పడం దేనికి, జరిగింది నేనే చెబుతాను.

ఆయన యూనివర్సిటీలో భాష చెప్పేవారు. అదీ మనవాళ్ళకు కాదు, బయటి దేశాల నుంచి వచ్చి మన భాష నేర్చుకునేవాళ్ళకు. రెండో అంతస్తు చివరి గది. ఓ మూల బల్ల పెచ్చులూడిపోయి ఉంటుంది, ఫ్యాను తిరిగినంతసేపూ కిర్రుమంటూనే ఉంటుంది. కిటికీలోంచి చూస్తే లైబ్రరీ మెట్లు, వాటి ముందు పెద్ద పచ్చిక. పెద్ద పదవుల మీద ఆయనకెప్పుడూ ధ్యాస లేదు. కొత్తగా వచ్చినవాడెవడైనా మొదటిసారి తప్పు లేకుండా ఒక వాక్యం మాట్లాడితే చాలు, ఆ సాయంత్రం ఇంట్లో ఆయన కాళ్ళు నేల మీద ఉండేవి కావు. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అమర్చి అమర్చి మెడ పట్టేసి ఇంటికొస్తే, గుమ్మంలోనే ఆ వాక్యం వినిపించేవారు.

వచ్చినవాళ్ళకు ఏదో ఒక రకంగా అన్నీ పట్టుబడేవిగాని, ఒక్కచోట మాత్రం అందరూ బోల్తా పడేవారు. మేము, మనం. చాలా భాషల్లో ఈ రెంటికీ ఒకటే మాటట. ఆయన బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేవారు. "వింటున్న మనిషిని బయట నిలబెట్టి చెబితే మేము. లోపలికి పిలుచుకొని చెబితే మనం. అంతే తేడా." అందరూ తలలూపేవారు. మర్నాడు మళ్ళీ మొదటికే వచ్చేది. ఓ ఏడు ఒక గడ్డం కుర్రాడు ఓ పిల్లను వెంటబెట్టుకొని సరాసరి మా ఇంటికే వచ్చి, నా ఎదురుగానే ఆయన రెండు చేతులూ పట్టుకొని, "సార్, వచ్చే నెలలో మనం పెళ్ళి చేసుకుంటున్నాం!" అన్నాడు. "మరి నా గతేం కాను నాయనా?" అన్నాను. పాపం ఆ కుర్రాడి పక్కనున్న పిల్లకు ఏమీ అర్థం కాలేదుగాని, మా ఆయన మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ తర్వాత ఏ చిన్న మాట తేడా వచ్చినా, "వెళ్ళండి, ఆ గడ్డంవాణ్ణే చేసుకోండి" అని నేను దెప్పేదాన్ని.

పోయిన ఏడు ఆయన క్లాసులో ఇద్దరమ్మాయిలు చేరారు. పేర్లు పలకబోతే నా నాలుక మడత పడేది. అందుకని ఒకదానికి గిరజాల అని, ఇంకోదానికి పొడుగమ్మాయి అని నేనే పేర్లు పెట్టేశాను. గిరజాలది గాజా. పొడుగమ్మాయిది ఇజ్రాయెల్‌లో ఒక ఊరు. మధ్య దూరమెంత అని అడిగితే, గట్టిగా గంట ప్రయాణం కూడా ఉండదట, కానీ ఒకరి ఊరు ఒకరు చూసే వీల్లేదట. మా ఊరికొచ్చాక మాత్రం ఇద్దరిదీ ఒకే బెంచీ. మాట్లాడటం అలవాటు కావాలని ఆయన ఆదివారాలు ఇద్దర్నీ ఇంటికి తీసుకొచ్చేవారు. నన్ను పిన్నీ అని పిలవమన్నారు. పొడుగమ్మాయి వేళ్ళు మడిచి లెక్క కట్టి, "ఇద్దరికీ పిన్ని అయితే, మనం అక్కాచెల్లెళ్ళమా సార్?" అంది. వెంటనే నాలుక కరుచుకొని, "మేమిద్దరం. మేము కరెక్టే కదా?" అని దిద్దుకుంది. ఆయన మొహం చూడాలి అప్పుడు, మతాబాలా వెలిగిపోయింది.

గిరజాలకు నోరు ఊరుకునేది కాదు. ఏదో ఒకటి అని నన్ను నవ్వించేది, అంతలోనే అలిగేది. పొడుగమ్మాయి మాటకారి కాదుగాని చేత్తో సాయం చేసేది. నేను వద్దంటున్నా గిన్నెలు తుడిచి, ఏది ఎక్కడుండాలో అక్కడ పెట్టేది. ఇంటి దగ్గర తనకొక తమ్ముడున్నాడని, వాడు గిటారు నేర్చుకుంటూ ఇంట్లో అందరి చెవులూ తినేస్తున్నాడని చెప్పేది.

ఆ తర్వాత పొడుగమ్మాయి వాళ్ళ ఊరి మీద గాజా నుంచి దాడి జరిగింది. ఆ తమ్ముణ్ణి ఎత్తుకుపోయారు. నాలుగు రోజులు తిరక్కుండానే గాజా మీద బాంబులు మొదలయ్యాయి. గిరజాల వాళ్ళ వీధి కూలిపోయింది, వాళ్ళమ్మ ఫోను మూగబోయింది. ఆ ఆదివారం ఇద్దరూ వచ్చారు. ఒకే సోఫాకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు. నేను టీ పెట్టిచ్చాను. ఎవరూ ముట్టలేదు. భాష చెప్పే మనిషి ఆ పూటంతా పిల్లిని నిమురుతూ కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ గిరజాల ఏడ్చింది. పొడుగమ్మాయి దాని భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది. పై ఆదివారం ఇద్దరిలో ఎవరూ రాలేదు.

కొన్నాళ్ళకు లైబ్రరీ ముందు పచ్చికలో గుడారాలు లేచాయి. పాలస్తీనా మీద యుద్ధం ఆపాలి, ఆ యుద్ధానికి ఆయుధాలు చేసే కంపెనీలతో యూనివర్సిటీ తెగతెంపులు చేసుకోవాలి అన్నది పిల్లల పట్టు. గిరజాల క్లాసు ఎగ్గొట్టి అక్కడే కూర్చుంది. మా ఆయన కిటికీలోంచి రెండు రోజులు చూసి, మూడో రోజు హోంవర్కు కాగితాలు పట్టుకొని కిందికి దిగారు. ఇచ్చేసి వచ్చేద్దామనే అనుకున్నారట. "అమ్మ ఫోన్ చేసిందా?" అని అడిగితే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఈయన పక్కన కూలబడ్డారు. ఇక లేవలేదు.

అప్పటికే అక్కడ మరో నలుగురైదుగురు ప్రొఫెసర్లు చేరారు. అందరివీ అరిగిపోయిన మోకాళ్ళే కాబట్టి నేల మీద కూర్చోవడం కుదరక, సెమినార్ హాల్లోంచి ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించుకున్నారు. వాటిని మోసుకొచ్చింది ఎవరనుకున్నారు? గుడారాలు పీకెయ్యమని పంపిన సెక్యూరిటీవాళ్ళే. పిల్లల మీదికి ఎవరొచ్చినా ముందు మా మీదుగా రావాలి అని ఈ పెద్దలంతా గుడారాల ముందు వరసగా కూర్చునేవారు. ఆఫీసువాళ్ళు దానికి కుర్చీల ఉద్యమం అని పేరు పెట్టి నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. దుకాణం నుంచి వచ్చేటప్పుడు అటు తొంగి చూస్తే, ఆ వరసలో మా ఆయన, ఒళ్ళో సంచీ పెట్టుకొని, ఆస్పత్రిలో తన వంతు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా ఉండేవారు. నినాదాలిచ్చేటప్పుడు నోరు కదిపేవారు కూడా కాదు. ఆ వెనక వేసే కేకల్లో కొన్ని ఆయనకు నచ్చేవి కావని ఇంట్లో నాతో అనేవారు. "మరి చెప్పండి వాళ్ళకి" అంటే నీళ్ళు నమిలేవారు.

క్లాసు కూడా అక్కడికే మార్చేశారు. మొదటి రోజు పొడుగమ్మాయి వచ్చింది, పుస్తకం గుండెకు హత్తుకొని అంచునే నిలబడింది. "రా అమ్మా, కూర్చో" అన్నారట ఈయన. ఆ పిల్ల గుడారాల మీద రాసినవన్నీ ఒక్కొక్కటే చదివింది. చదవడం నేర్పింది ఈయనే కదా. "ఇక్కడ నేను కూర్చోలేను సార్" అంది. "సరే అమ్మా, నీకు విడిగా చెబుతాలే" అన్నారు. ఆ విడిగా చెప్పే రోజు రాలేదు.

"పొడుగమ్మాయితో మాట్లాడారా?" అని నేను రోజూ పోరు పెట్టేదాన్ని.

"మాట్లాడాలి. ఏం మాట్లాడాలో తెలియట్లేదు."

"తెలియడానికేముందండీ? తమ్ముడి కబురేమైనా తెలిసిందా అని అడగండి. గిరజాల తల్లి గురించి రోజూ అడుగుతున్నారుగా."

"ఆ కుర్చీలోంచి లేచి వెళ్ళి ఈ ముక్క అడిగితే, ఏ మొహం పెట్టుకొని వచ్చాడనుకోదూ?"

"అనుకోనివ్వండి! అడిగినందుకు తిట్టినా నష్టం లేదు."

రేపు అనేవారు. ఆయన రేపు నాకు తెలియనిది కాదు. నేను ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నాను పిన్నీ" అని ఆ పిల్ల మాట తుంచేసేది. ఆయన మీద నాకు అరికాలి మంట నెత్తికెక్కిన రోజులవి. ఒకరి కోసం ఎండలో కూర్చోగలిగిన మనిషి, ఇంకొకరి దగ్గరికి నాలుగు మెట్లు ఎక్కి వెళ్ళలేకపోయాడు. చెడ్డవాడై కాదు, సిగ్గుపడి. సిగ్గు ఇంత చేటు చేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

పట్టాలిచ్చే సభ దగ్గర పడింది. పచ్చిక ఖాళీ చెయ్యాలని వీసీగారు గడువు పెట్టారు. గడువు దాటింది, ఓ మధ్యాహ్నం పోలీసులు దిగారు. టీచర్లు పక్కకు తప్పుకోండి, మీకేమీ కాదు అని మైకులో చెప్పారు. ఎవరూ కదల్లేదు. ఆ గందరగోళంలో గుడారాలవాళ్ళ మైకు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయి, ఎవరికీ అక్కర్లేనట్టు మా ఆయన చేతిలో పడింది. ఈయన లేచి నిలబడ్డారు, గొంతు సవరించుకున్నారు, ఒకే ఒక్క వాక్యం అన్నారు. దానికి ముందూ లేదు, వెనకా లేదు.

"మేము కదలం."

తర్వాత జరిగింది ఊరంతా ఫోన్లలో చూసింది. కుర్చీలు బోర్లాపడ్డాయి. బోటనీ మేడం మణికట్టు విరిగింది. ఈయన తలకు దెబ్బ తగిలింది, కళ్ళజోడు ఎవరి బూటు కిందో నలిగిపోయింది. పిల్లల్ని ఈడ్చుకెళ్ళి బస్సుల్లో పడేశారు. సాయంత్రానికి అందర్నీ వదిలేశారుగాని, గుడారాల్లో దొరికిన పిల్లలందర్నీ యూనివర్సిటీ సస్పెండ్ చేసింది.

ఆ రాత్రి మంచం మీద కూర్చొని ఆయన ఒకటే మాట. "నేను మేము అన్నానే! టీచర్లం కదలం, మీరు వెనక్కి వెళ్ళండనేగా దానర్థం? పిల్లలెందుకు వెళ్ళలేదు?"

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తలకు దెబ్బ తగిలిన మనిషి వ్యాకరణం అడుగుతున్నాడు. "ఆ గోలలో మీ మేమూ మనమూ ఎవరు వింటారండీ?" అన్నాను.

కానీ తర్వాత అందరి బతుకులూ ఆ ఒక్క మాట మీదే వచ్చి పడ్డాయి. విచారణ వేశారు. దానికి పెద్దగా ఒక లా ప్రొఫెసర్ని పెట్టారు, మాకు ఎప్పటి నుంచో తెలిసినవాడే. ఆయన ఓ సాయంత్రం ఇంటికొచ్చి, వీడియో పెట్టి చూపించాడు. మా ఆయన నోరు తెరుస్తారు, సరిగ్గా అప్పుడే ఎవడో ఈల వేస్తాడు, మొదటి మాటను ఆ ఈల మింగేస్తుంది. 'కదలం' అన్నది మాత్రం గంట కొట్టినట్టు వినపడుతుంది.

"చూడు మిత్రమా, కదలం అనేది రెంటికీ సరిపోతుంది" అన్నాడు లా ప్రొఫెసరు. "మేము అన్నావంటే, నీ సంగతి నువ్వు చెప్పుకున్నావు. మందలించి వదిలేస్తాం. అప్పుడు పిల్లలు ఎవరూ చెప్పకుండానే, వాళ్ళంతట వాళ్ళు పోలీసులకు అడ్డం తిరిగినట్టు. అందర్నీ తీసేస్తారు. మనం అన్నావంటే, మాస్టారు చెప్పాడని పిల్లలు కూర్చున్నారు. వాళ్ళకో వార్నింగ్ ఇచ్చి క్లాసుల్లోకి పంపేస్తారు. నిన్ను ఇంటికి పంపుతారు."

"ఇంటికంటే, ఈ ఇంటికి కాదుగా?" అన్నాను. మేముండేది యూనివర్సిటీ క్వార్టర్సులో.

"కాదమ్మా" అన్నాడాయన, నా మొహం చూడలేక పిల్లిని చూస్తూ.

ఆయన చెప్పని సంగతి ఇంకొకటి మా ఇద్దరికీ తెలుసు. యూనివర్సిటీ తీసేస్తే గిరజాల వీసా పోతుంది. వీసా పోతే తిరిగి వెళ్ళాలి. ఎక్కడికి వెళ్తుంది? వెళ్ళడానికి అక్కడ వీధే లేదు.

అయినా నేను పోట్లాడాను. ఎందుకు పోట్లాడకూడదు? "అబద్ధం చెప్పమనడం లేదు, నిజం చెప్పండి అంటున్నాను. మీరన్నది మేము. జీవితమంతా ఆ ముక్క కోసమే అరిచారు కదండీ! ఈ వయసులో సామాను నెత్తిన పెట్టుకొని ఏ గుమ్మం ఎక్కుదాం?" అన్నాను. ఆయన వింటూ కూర్చున్నారు. ఆయనలో నాకు ఒళ్ళు మండే గుణం అదే, ఎదురు చెప్పరు, మారరు.

విచిత్రమేమంటే, గిరజాల కూడా నా పక్షానే వచ్చింది. విచారణకు ముందు రోజు మా గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మంటే రాకుండా, "సార్, మీరు మేము అన్నారు. నాకు వినపడింది. అర్థమైంది. అర్థమయ్యే అక్కడున్నాను. మీరు చెప్పారని కూర్చోవడానికి నేను చిన్నపిల్లను కాదు. నా మాట మీ ఖాతాలో వేసుకోకండి" అంది. కోపంలో కూడా ఒక్క తప్పు పోలేదు దాని మాటల్లో. "అలాగే అమ్మా" అన్నారు ఈయన. ఆ అలాగే వినగానే నాకు తెలిసిపోయింది, ఈయన ఎవరి మాటా వినరని.

విచారణ గది తలుపుకి గడియ సరిగా పడేది కాదు, కాస్త వారగా తెరుచుకొనే ఉండేది. నేను వసారాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల బల్లకు అటు ముగ్గురు, ఇటు మా ఆయన. గోడ పక్కన సాక్షుల కుర్చీలో పొడుగమ్మాయి! వీడియోలో ఓ మూల, లైబ్రరీ మెట్ల మీద, మా ఆయనకు బాగా దగ్గర్లో నిలబడి ఉందట. అందుకని పిలిపించారు. ఈ పిల్లకు ఆ గుడారాలంటే గిట్టదని అందరికీ తెలుసు. ఈల వేసినా ఆ దూరానికి మాట వినపడకుండా ఉండదు. మేము అన్నారు అని ఒక్క ముక్క చెబితే మా ఇల్లు నిలుస్తుంది, గిరజాల పోతుంది. నేను ఏం కోరుకున్నానో నాకే తెలియదు. రెండూ కోరుకున్నాననుకుంటాను.

"మీరు మేము అన్నారా, మనం అన్నారా?" అని లా ప్రొఫెసరు అడిగాడు.

"మనం అన్నాను."

"తొందరపడకండి. ఈ తేడా మీకంటే తెలిసినవాళ్ళు ఈ క్యాంపస్‌లో లేరు. కంగారులో నోరు జారిందని రాసుకోమంటారా?"

తలుపు తీసి పెడుతున్నాడు పాపం. ఈయన దాటితేగా!

"నోరు జారలేదు. పిల్లల్ని కలుపుకొనే అన్నాను. నేను చెప్పబట్టే వాళ్ళు కదల్లేదు."

"పిల్లల్ని అంటే, అక్కడ ఉన్నవాళ్ళందర్నీ?"

"అందర్నీ."

లా ప్రొఫెసరు గోడ వైపు చూశాడు. "ఈ అమ్మాయి కూడా అక్కడే ఉంది. తనది మీ ధర్నా కాదు. ఆ గుడారాల వల్ల తను క్లాసుకే రాలేకపోయింది. మీరన్న మనంలో తనను కూడా కలిపేనా?"

నాకు ఆయన వీపే కనిపిస్తోంది. ఆ వీపు చూస్తే తెలుస్తోంది, ఈ ప్రశ్న వస్తుందని ఆయన అనుకోలేదు. కాదు అంటే మొత్తం అబద్ధం బయటపడుతుంది. అవును అనడానికి ఆయనకు మొహం చెల్లడం లేదు.

"తనను కూడా కలిపే" అన్నారు.

తర్వాత పొడుగమ్మాయిని అడిగారు. "నువ్వు విన్నదేమిటి?"

"ఎవరో ఈల వేశారు సార్. నాకు వినపడలేదు."

"అంత దగ్గర్లో ఉన్నావు కదా!"

"వినపడలేదు సార్."

"అసలు అక్కడికి ఎందుకు వెళ్ళావు?"

"సార్‌తో ఒక మాట చెప్పాలని."

"చెప్పావా?"

"లేదు."

అంతే, అయిపోయింది. గిరజాలతో సహా పిల్లలందర్నీ తిరిగి చేర్చుకున్నారు. ఆ పిల్లకి ఈయన మీద కోపం ఇంకా పోలేదు. తన నిర్ణయాన్ని దొంగిలించారంటుంది, మా కొత్త ఇంటికి వచ్చి మరీ అంటుంది, సామాను సర్దిపెడుతూ అంటుంది. వాళ్ళమ్మ ఫోను ఇప్పటికీ రాలేదు. ఈయన ఉద్యోగం పోయింది. ఇవన్నీ తర్వాత సంగతులు. ఆ రోజు వసారాలో జరిగింది మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు.

ఈయన బయటికొచ్చి నా పక్కన నిలబడ్డారు. వెనకాలే పొడుగమ్మాయి వచ్చింది. ఎప్పుడు చిక్కిపోయిందో, బుగ్గల ఎముకలు పైకి వచ్చాయి. మమ్మల్ని దాటి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆగింది.

"వినపడలేదన్నావు. నీకు చాలా రుణపడ్డానమ్మా" అన్నారు ఈయన.

"వినపడింది సార్. మేము అన్నారు."

ఆయన తల దించుకున్నారు.

"లోపల నన్ను కూడా కలిపి అన్నానని చెప్పారు కదా" అంది ఆ పిల్ల. మాట మాటకీ ఆగుతోంది, సరైన మాట కోసం వెతుక్కుంటున్నట్టు. "అబద్ధమని తెలుసు. అయినా వినడానికి బాగుంది సార్."

కోప్పడి ఉంటే బాగుండేది, నాలుగు మాటలు అని ఉంటే బాగుండేది. ఇన్నాళ్ళూ నేను పోరుపెట్టిన మాట అప్పుడు వచ్చింది ఈయన నోట్లోంచి.

"తమ్ముడి కబురేమైనా తెలిసిందా అమ్మా?"

ఆ పిల్ల పుస్తకాల సంచీ ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"తెలిసింది సార్. తమ్ముడు ఇక లేడు. ఆ రోజు పొద్దున్నే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు. మీకు చెబుదామని పచ్చిక దగ్గరికి వచ్చాను. మీరు మైకు పట్టుకొని ఉన్నారు."

ఈయన "అమ్మా" అన్నారు. నాకంటే ముందు ఆ పిల్లే ఆయన మోచెయ్యి పట్టుకొని బెంచీ మీద కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది. వసారాలో పిల్లలు నవ్వుకుంటూ అటూ ఇటూ పోతున్నారు. ఇన్నాళ్ళలో ఆ పిల్ల ఇదే వసారాలోంచి, ఆయన గది ముందు నుంచి, ఎన్నిసార్లు ఒంటరిగా నడిచి వెళ్ళిందో.

"పేరేమిటమ్మా తమ్ముడిది?" అని ఆయన అడిగారు.

చెప్పింది. ఆయన పలికారు. ఆ పిల్ల దిద్దింది. ఆయన మళ్ళీ పలికారు.